జీపు బాడీ లేపే ముందు ఈ కథ వినండి

ఈసారి పంట గురించి కాదు, పాత జీపు గురించి.

మా జీపు పొలం గట్టు దాటినప్పుడల్లా కింద బరుక్కుంటోంది. మా తమ్ముడి కొడుకు ఫోన్లో వీడియో చూపించి, "పెదనాన్నా, బాడీ లిఫ్ట్ వేద్దాం. ఇంటి దగ్గరే రెండు అంగుళాలు లేపొచ్చు" అన్నాడు. నిజంగా లేపొచ్చా? లేపితే గట్టు దాటుతుందా? దీనికి జవాబు జీపు చరిత్రలోనే ఉంది.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్ వీల్ బండి కావాలని అడిగింది. మొదటి నమూనా బాంటమ్ కంపెనీది. యుద్ధకాలంలో ఎక్కువ బండ్లు చేసింది మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు. రెండూ కలిపి 6 లక్షలకు పైనే. కింద ఇనుప ఛాసిస్, దానిమీద బోల్టులతో బిగించిన రేకు బాడీ. విప్పి మళ్లీ బిగించుకోవచ్చు.

యుద్ధం అయిపోయాక ఆ బండిని ఎవరికి అమ్మాలి? రైతుకే! 1945లో వచ్చిన సీజే-2ఏ మోడల్‌ని పొలం పనుల బండిగా ప్రచారం చేశారు. కావాలంటే పనిముట్లు నడిపే పీటీవో కూడా పెట్టించుకోవచ్చు. 1947లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. అలా మన ఊళ్లకూ చేరింది.

1953 నాటి సీజే-3బీలో కొత్త ఇంజను ఎత్తు ఎక్కువ. దానికి చోటు చాలక బానెట్‌నే పైకి లేపారు. మహీంద్రా వాళ్లు దశాబ్దాల పాటు చేసిన జీపులకు మూలం అదే. అంటే చోటు కోసం పైభాగం లేపడం కంపెనీ వాళ్లే చేసిన పని.

తర్వాత అమెరికాలో కొండదారుల సరదా పెరిగింది. పెద్ద టైర్లు వేస్తే మడ్‌గార్డుకి రాసుకునేవి. దాంతో బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టి, పొడుగు బోల్టులు వేసి లేపడం మొదలైంది. కొందరైతే ఐస్ హాకీ ఆడే రబ్బరు బిళ్లలే పెట్టేశారు!

ఇక్కడే అసలు సంగతి. బాడీ లిఫ్ట్ పెద్ద టైరుకి చోటిస్తుంది, అంతే. ఇరుసు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఇరుసు పైకి లేవాలంటే టైరే పెద్దది కావాలి. పైగా బాడీ లేపితే స్టీరింగ్ రాడ్డు, గేరు రాడ్డు, రేడియేటర్ దగ్గర ఫ్యాను, డీజిల్ గొట్టం, ఎర్త్ వైరు అన్నీ సరిచూసుకోవాలి. బరువు పైకి పోతుంది కాబట్టి వాలులో బోల్తా భయం కూడా పెరుగుతుంది.

చట్టం సంగతి కూడా వినండి. కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది.

అందుకే స్పానర్ పట్టేముందు ఇద్దరం జీపు కిందికి దూరాం. గీతలన్నీ ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ మీదే! బాడీకి ఒక్కటీ లేదు. రెండు కాదు, నాలుగు అంగుళాలు లేపినా గట్టు తగిలేదే.

ఇంకొకటి కనబడింది. బాడీ కింది రబ్బరు దిమ్మలు అరిగి, ఇనుము మీద ఇనుము కూర్చుంది. బ్యాటరీ వైరు తీసి, ఒక్కో వైపు బోల్టులు వదులు చేసి, జాకీ మీద చెక్క పెట్టి మెల్లగా లేపి, పాత కొలతకే కొత్తవి వేశాం. ఏళ్ల తరబడి విన్న గడగడ మోత ఆగిపోయింది.

మరి గట్టు? పార తీసుకుని రెండు వైపులా వాలు చెక్కాం. అరగంట పని. ఖర్చు రెండు టీలు.

మీరూ బండి లేపాలనుకుంటే ముందు కిందికి దూరి చూడండి. ఎక్కడ తగులుతుందో ఆ గీతలే చెబుతాయి.