నల్లా నీరు తేటగా ఉంటే చాలదు
మరిగిస్తే క్రిములు చస్తాయి.. ఫ్లోరైడ్ మాత్రం పోదు

నల్గొండ: బిందెలో పట్టిన నీరు తేటగా ఉంటుంది. వాసన ఉండదు, రుచిలోనూ తేడా కనిపించదు. అంతమాత్రాన ఆ నీరు సురక్షితమని చెప్పలేం. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు గానీ, ఎముకలను వంచే ఫ్లోరైడ్ గానీ కంటికి కనిపించవు. ఈ రెండింటి స్వభావం వేరు, విరుగుడు వేరు. ఒకదానికి పనికొచ్చే శుద్ధి రెండోదానికి పనికిరాదు. అందుకే నీటిని శ్రద్ధగా కాచి తాగే కుటుంబం కూడా ఫ్లోరోసిస్ బారిన పడవచ్చు.

రాతి పొరల నుంచి ఫ్లోరైడ్

నల్గొండ ప్రాంతంలోని గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ ఖనిజాలు ఉన్నాయి. భూగర్భ జలం ఏళ్ల తరబడి ఆ రాళ్ల నడుమ నిలిచి వాటిని కరిగించుకుంటుంది. ఆ నీరే బోర్ల ద్వారా పైకి వస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. మోతాదు మించిన నీరు తాగిన పిల్లల పళ్లపై పసుపు, గోధుమ రంగు చారలు ఏర్పడతాయి. ఫ్లోరైడ్ మరీ ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. ఒకసారి వంగిన ఎముకను మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. నివారణే మార్గం.

ఫ్లోరైడ్ నీటిని మరిగిస్తే మేలు జరగకపోగా కీడే ఎక్కువ. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. ఈ జిల్లా పేరుతోనే అది ‘నల్గొండ టెక్నిక్’గా ప్రసిద్ధి చెందింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం శుద్ధి చేసిన నది నీటిని పల్లెలకు చేర్చింది. అయితే సరఫరా నిలిచిన రోజు మళ్లీ పాత బోరు నీటినే తాగితే ముప్పు తిరిగి వచ్చినట్లే. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. తాగడానికే కాదు, వంటకు కూడా వాడరాదు.

గొట్టాల్లో చేరే మురుగు

శుద్ధి కేంద్రంలో బాగున్న నీరు ఇంటికి చేరేలోగా కలుషితం కావచ్చు. రోజులో కొద్దిసేపే నీరు వదిలే చోట మిగతా సమయమంతా గొట్టాలు ఖాళీగా ఉంటాయి. మురుగు కాలువ పక్కన గొట్టానికి చిల్లు పడితే మురుగు లోనికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ మురుగును మరింతగా లాగుతుంది.

ఈ ముప్పుకు విరుగుడు క్లోరిన్. ఇంటి నల్లా వద్ద లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. స్వల్పంగా వచ్చే క్లోరిన్ వాసనను చూసి భయపడనక్కర్లేదు. అది రక్షణ ఉందనడానికి గుర్తు.

టీడీఎస్ చెప్పేది కొంతే

టీడీఎస్ మీటరు నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలను మాత్రమే అంచనా వేస్తుంది. వాటిలో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పలేదు, క్రిముల జాడ అసలే చెప్పలేదు. టీడీఎస్ తక్కువగా ఉన్న నీటిలోనూ ఫ్లోరైడ్ పరిమితి దాటి ఉండవచ్చు. కొందరు విక్రేతలు నీటిలో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పంపి, నీరు గోధుమ రంగుకు మారడాన్ని చూపుతుంటారు. ఆ రంగు ప్రధానంగా కరిగిన ఇనుముదే.

యూవీ యంత్రం క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను తొలగించదు. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా ఫ్లోరైడ్‌ను ఆపలేదు. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తగ్గిస్తుంది. దాని పొరను సకాలంలో మార్చకపోతే ఆ ప్రయోజనమూ ఉండదు.

పరీక్ష ఎలా?

క్రిముల అనుమానం ఉంటే హెచ్‌టూఎస్ సీసాలో గుర్తు వరకు నీరు పోసి, సూచించిన గడువు వరకు ఉంచాలి. నీరు నల్లబడితే కలుషితమైనట్లు భావించి తాగడం ఆపాలి. ఫ్లోరైడ్ మోతాదు తెలియాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్షించాలి. నల్లా నీటిని, బోరు నీటిని వేర్వేరు సీసాల్లో ఇవ్వాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు

* నీరు వదిలిన తొలి నిమిషాల్లో వచ్చే నీటిని మొక్కలకు, కడగడానికి వాడాలి.
* నల్లా గుంతల్లో మురుగు నిలవనీయరాదు.
* కలుషితమైందన్న అనుమానం ఉంటే నీటిని బాగా మరిగిన తర్వాత మరో నిమిషమైనా మరగనిచ్చి, చల్లార్చి తాగాలి.
* బిందెపై మూత ఉంచాలి. చేయి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి.
* ఇంటిపై ట్యాంకును తరచూ కడిగి, మూత బిగించాలి.
* ఒకే వీధిలో పలువురికి విరేచనాలైతే వెంటనే ఆరోగ్య సిబ్బందికి, నీటి సరఫరా సిబ్బందికి తెలపాలి.