సర్కారు బడిలో వినూత్న పథకాలు: ఆమోదానికి ఎన్నో మెట్లు

ప్రభుత్వ పాఠశాలలో కొత్త బోధనా పద్ధతిని ప్రవేశపెట్టడం ప్రధానోపాధ్యాయుని ఉత్సాహంతోనో, జిల్లా కలెక్టరు చొరవతోనో పూర్తయ్యే పని కాదు. పాఠ్యాంశాన్ని మార్చాలంటే ఒక సంస్థ అనుమతి కావాలి. నిధులు కావాలంటే మరొక సంస్థ ఆమోదం పొందాలి. బోధనా భాష, పరీక్షల బోర్డు మారాలంటే ఏకంగా రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వే వెలువడాలి. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చిన పథకాలలో కొన్ని దశాబ్దాలపాటు నిలిచాయి, మరికొన్ని విద్యా సంవత్సరం నడుమనే కనుమరుగయ్యాయి. అలా ఆగినప్పుడు నష్టపోయేది ఆ తరగతిలో కూర్చున్న పిల్లలే. అందుచేత ఈ ఆమోద ప్రక్రియ ఎలా సాగుతుందో తల్లిదండ్రులకు తెలిసి ఉండటం అవసరం.

చట్టం గీసిన గీత

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టమే ఈ వ్యవహారానికంతటికీ పునాది. ఎనిమిదో తరగతి వరకు పాఠ్యప్రణాళికను, మూల్యాంకన విధానాన్ని నిర్ణయించే అధికారం ప్రభుత్వం గుర్తించిన విద్యా ప్రాధికార సంస్థకే ఉంటుందని ఆ చట్టంలోని 29వ సెక్షన్ చెబుతున్నది. తెలుగు రాష్ట్రాలలో ఆ బాధ్యతను రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) నిర్వహిస్తున్నది. ఎంత మంచి పద్ధతి అయినా పాఠ్యపుస్తకాన్ని పక్కకు నెట్టేదిగా ఉంటే ఆ మండలిని దాటి రావలసిందే.

కాలపరిమితి మరొక హద్దు. ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు తప్పనిసరి అని చట్టానికి అనుబంధంగా ఉన్న షెడ్యూలు పేర్కొంటున్నది. రోబోటిక్స్ అయినా, యోగా అయినా, ఆంగ్ల సంభాషణ శిక్షణ అయినా ఈ గంటలలోనే ఇమడాలి, లేదా బడివేళల తరువాత జరగాలి. కొత్త కార్యక్రమం పేరిట అర్హతలేని వారిని ఉపాధ్యాయులుగా నియమించుకునే వీలు కూడా లేదు. 23వ సెక్షన్ కింద కనీస విద్యార్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్ణయించింది. ఉన్న ఉపాధ్యాయులతోనే కొత్త పని చేయించవలసి రావడం వల్ల, కాగితంపై ఘనంగా కనిపించే పథకాలు ఏకోపాధ్యాయ పాఠశాలల్లో చతికిలబడుతుంటాయి.

గ్రామం నుంచి ఢిల్లీ దాకా

నిబంధనల ప్రకారం మొదటి అడుగు పాఠశాల యాజమాన్య కమిటీదే. ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలై ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసే బాధ్యతను 22వ సెక్షన్ ఈ కమిటీకే అప్పగించింది. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని కూడా చట్టంలో స్పష్టంగా ఉన్నది. ఆచరణలో చాలాచోట్ల పై నుంచి వచ్చిన నమూనా పత్రంలో ఖాళీలు నింపి సంతకాలు తీసుకోవడంతోనే ప్రణాళిక అయిందనిపిస్తున్నారన్నది బహిరంగ రహస్యమే.

పాఠశాలల ప్రతిపాదనలు మండల స్థాయిలో క్రోడీకరణ పొంది జిల్లాకు చేరుతాయి. జిల్లా వార్షిక ప్రణాళిక, బడ్జెట్ రాష్ట్ర పథక సంచాలకుని కార్యాలయానికి వెళతాయి. రాష్ట్ర ప్రణాళికను ఢిల్లీలో కేంద్ర విద్యాశాఖకు చెందిన ప్రాజెక్టు ఆమోద మండలి పరిశీలిస్తుంది. అడిగినదంతా అక్కడ దక్కదు. గత సంవత్సరం ఇచ్చిన సొమ్ము ఎంత ఖర్చయింది, వినియోగ ధ్రువపత్రాలు అందాయా అన్నవి మొదట వచ్చే ప్రశ్నలు. ఆమోదం పొందిన పద్దులు సమావేశ నివేదికలో అంశాలవారీగా నమోదవుతాయి. జిల్లాలో ఒక కార్యక్రమం నిజంగా మంజూరయిందా, లేక ప్రకటనతోనే సరిపెట్టారా అన్నది తేల్చుకోవడానికి ఈ నివేదికను మించిన సాక్ష్యం లేదు.

జిల్లాకు రూ.50 లక్షల పద్దు

వినూత్న కార్యక్రమాలకంటూ ప్రత్యేక పద్దు ఏర్పడింది సర్వశిక్షా అభియాన్‌తోనే. ఒక్కొక్క వినూత్న ప్రాజెక్టుకు రూ.15 లక్షల వరకు, జిల్లాకు ఏడాదికి రూ.50 లక్షల వరకు ఖర్చు చేయవచ్చునని ఆ పథకం తొలినాటి నిబంధనలు అనుమతించాయి. బాలికా విద్య, పూర్వ ప్రాథమిక విద్య, ఎస్సీ, ఎస్టీ పిల్లల చదువు, కంప్యూటర్ విద్య ఈ పద్దు కిందకు వచ్చేవి. జిల్లా స్థాయి అధికారులకు స్థానిక అవసరాన్ని బట్టి ఆలోచించే అవకాశం ఇచ్చిన నిబంధన ఇది. 2018-19లో సర్వశిక్షా అభియాన్, రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్యా పథకం మూడూ సమగ్ర శిక్షలో విలీనమయ్యాయి. కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40 నిష్పత్తిలో ఖరారయ్యాయి. రాష్ట్ర వాటా ఆలస్యమైతే మంజూరైన కార్యక్రమం కూడా కదలదు.

ఆ కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ప్రయోగాలలో బహుభాషా విద్య ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఇంట్లో సవరో, గోండో మాట్లాడే పిల్లవాడు ఒకటో తరగతిలో అడుగు పెట్టగానే తెలుగు పుస్తకం ఎదురై, అర్థంకాక మొదటి ఏడాదిలోనే బడికి దూరమయ్యేవాడు. ఈ సమస్యకు పరిష్కారంగా 2004లో సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో, 240 పాఠశాలల్లో మాతృభాషా బోధన ప్రారంభమయింది. పుస్తకాలను తెలుగు లిపిలోనే ముద్రించారు. పై తరగతులలో క్రమంగా తెలుగుకు మళ్లేందుకు ఆ లిపి వంతెనగా ఉపయోగపడాలన్నది ఉద్దేశం. శ్రీకాకుళం మన్యం నుంచి ఆదిలాబాద్ అడవుల వరకు స్థానిక పాటలు, కథలు, పంటలు, పక్షులు పాఠాలలోకి వచ్చాయి. అయితే ఈ విధానం పుస్తకం కంటే ఉపాధ్యాయుని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ భాష తెలిసిన పంతులు బదిలీ అయి, రాని వ్యక్తి వస్తే మంజూరు ఉత్తర్వు ఉన్నా తరగతిలో పథకం ఉండదు. బదిలీల నిబంధనలు ఒకరి చేతిలో, వినూత్న పథకాల నిబంధనలు మరొకరి చేతిలో ఉండటం మన విద్యాశాఖలో పాత చిక్కే.

బడే దరఖాస్తు చేసుకునే పద్ధతి

పై నుంచి కేటాయించే పద్ధతికి భిన్నంగా, పాఠశాలలే నేరుగా దరఖాస్తు చేసుకొని పోటీపడే విధానం గత దశాబ్దంలో వచ్చింది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఇందుకు ఒక ఉదాహరణ. ఎంపికైన పాఠశాలకు రూ.20 లక్షల గ్రాంటు నిర్ణయించారు. అందులో రూ.10 లక్షలు పరికరాల స్థాపనకు, మిగిలిన రూ.10 లక్షలు గరిష్ఠంగా ఐదేళ్ల నిర్వహణకు ఉద్దేశించినవి. మైదాన ప్రాంతంలో 1500 చదరపు అడుగుల స్థలం చూపాలన్న నిబంధన మాత్రం గదులు చాలక వరండాలో పాఠాలు చెప్పే ఉన్నత పాఠశాలలకు మింగుడుపడనిది. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు ఏర్పాటు చేస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

రెండవది పీఎం శ్రీ. 2022 సెప్టెంబరు 7న కేంద్ర మంత్రివర్గం దీనికి ఆమోదం తెలిపింది. దేశవ్యాప్తంగా 14,500కు పైగా పాఠశాలలు, ఐదేళ్లకు రూ.27,360 కోట్ల అంచనా వ్యయం. ఎంపిక మూడు దశలలో సాగింది. తొలుత జాతీయ విద్యావిధానాన్ని అమలు చేస్తామని రాష్ట్రం ఒప్పంద పత్రంపై సంతకం చేయాలి. తరువాత యూడైస్ గణాంకాల ఆధారంగా కనీస సౌకర్యాలున్న బడుల జాబితా తయారవుతుంది. ఆపై జాబితాలోని బడులు పోర్టల్‌లో వివరాలు నింపి పోటీపడాలి. గ్రామీణ పాఠశాలకు 60 శాతం, పట్టణ పాఠశాలకు 70 శాతం మార్కులు కనీస అర్హత. మండలానికి గరిష్ఠంగా రెండు బడులకే అవకాశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంతకాలు చేయగా, తమిళనాడు, పశ్చిమ బెంగాల్ నిరాకరించాయి. ఇప్పటికే మంచి భవనం, తాగునీరు, మరుగుదొడ్లు ఉన్న బడికే మరింత మేలు జరిగే ఈ లెక్కలో, వానకు కారే కప్పు కింద నడిచే బడి మొదటి వడపోతలోనే తప్పుకుంటుంది. పోటీ పద్ధతిపై ఉపాధ్యాయ వర్గాలలో ఉన్న ప్రధాన అభ్యంతరం ఇదే, అందులో న్యాయం లేకపోలేదు.

కొలిచి చూసిన ప్రయోగం

ఏ కొత్త పద్ధతినైనా కొద్ది బడుల్లో నడిపి, ఫలితం చూసి, ఆపై విస్తరించడం సక్రమమైన మార్గం. అటువంటి ప్రయోగం ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగిందన్న సంగతి చాలామందికి తెలియదు. 2005 నుంచి ఐదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక అధ్యయనం చేపట్టాయి. ఎంపిక చేసిన 500 బడులను లాటరీ పద్ధతిలో 100 చొప్పున వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో పిల్లల మార్కులు పెరిగితే బడిలోని ఉపాధ్యాయులందరికీ కలిపి, మరొక వర్గంలో ఎవరికి వారికి ప్రోత్సాహక సొమ్ము ఇచ్చారు. ఇతర వర్గాలకు అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడినో, నగదు గ్రాంటునో సమకూర్చారు. ఒక వర్గాన్ని మాత్రం పోలిక కోసం యథాతథంగా ఉంచారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ల తరువాత ప్రోత్సాహకం పొందిన బడుల పిల్లలు గణితంలోనూ, భాషలోనూ మిగతావారిని గణనీయంగా మించారు. ప్రోత్సాహకానికి లెక్కలోకి తీసుకోని సామాన్య, సాంఘిక శాస్త్రాలలో కూడా మార్కులు మెరుగుపడటం విశేషం. ఇంత శ్రద్ధగా కొలిచిన ఆ ప్రయోగం రాష్ట్రవ్యాప్త విధానంగా మారలేదు. అదే కాలంలో ఏ కొలతా లేకుండా వేలాది బడులకు పాకిన పథకాలు మాత్రం ఉన్నాయి.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ కేంద్రం కథ మరొక రకం. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డుల సహాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతి అక్కడ రూపుదిద్దుకున్నది. దానిని చూసివెళ్లిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో ‘నలి-కలి’ ప్రారంభించారు. చెన్నై నగరపాలక సంస్థ 2003లో తన బడుల్లో అటువంటి కృత్యాధార బోధనను చేపట్టగా, తమిళనాడు ప్రభుత్వం 2007లో దానిని రాష్ట్రమంతటికీ విస్తరించింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత గుర్తుకు రాక మానదు.

జీవోతో వచ్చి జీవోతో పోయి

వార్షిక ప్రణాళికతో, పోటీతో సంబంధం లేకుండా ప్రభుత్వ విధాన నిర్ణయంగా వచ్చే పథకాలది వేరే దారి. 2008-09లో సుమారు 6,500 ఉన్నత పాఠశాలలను ‘సక్సెస్’ పాఠశాలలుగా ప్రకటించి, ఆరో తరగతి నుంచి ఆంగ్ల మాధ్యమ విభాగాలు తెరిచారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటో తరగతి నుంచే ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 81, 85 నంబర్ల జీవోలు జారీ చేయగా, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన ఆ వ్యాజ్యంలో కీలకమయింది. ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈలోగా ఒకవైపు తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పుస్తకాలు తరగతులలోకి వచ్చాయి.

సీబీఎస్‌ఈ ఉదంతం ఇంకా దగ్గరిది. రాష్ట్రంలోని 1000 ప్రభుత్వ పాఠశాలలు 2022-23లో సీబీఎస్‌ఈ గుర్తింపు పొందాయి. తొలి పదో తరగతి బ్యాచ్ 2025లో ఆ బోర్డు పరీక్ష రాయవలసి ఉండగా, పిల్లల సంసిద్ధత చాలదన్న కారణంతో 2024 సెప్టెంబరులో, అంటే పరీక్షకు ఆరు నెలల ముందు, వారిని తిరిగి రాష్ట్ర బోర్డుకు మార్చారు. 2023-24లో మొదలైన టోఫెల్ శిక్షణ 2024లో ప్రభుత్వం మారాక నిలిచిపోయింది. 2024 జనవరిలో కుదిరిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ ఒప్పందం తరగతి గదికి చేరనేలేదు. ప్రవేశపెట్టిన వారికీ, తీసివేసిన వారికీ చెప్పుకోవడానికి కారణాలున్నాయి. కొత్త పథకాన్ని తేవడానికి ఇన్ని మెట్లు పెట్టిన వ్యవస్థ, నడుస్తున్న పథకాన్ని మధ్యలో ఆపేటప్పుడు పిల్లల పరిస్థితి చూడాలన్న నిబంధనను మాత్రం ఎక్కడా పెట్టలేదు.

తల్లిదండ్రులు అడగదగినవి

బడిలో ఏదైనా కొత్త కార్యక్రమం మొదలైనప్పుడు కొన్ని కాగితాలను అడిగి చూడవచ్చు. ఏ ఉత్తర్వు ప్రకారం ప్రారంభమైనది, ఎన్ని సంవత్సరాలకు మంజూరైనది, ఎస్‌సీఈఆర్‌టీ అనుమతి ఉన్నదా, స్వచ్ఛంద సంస్థ నిర్వహిస్తుంటే అవగాహన ఒప్పందం ఎవరితో కుదిరింది, కార్యక్రమం ఆగిపోతే పిల్లలు ఏ పుస్తకంతో, ఏ పరీక్షతో కొనసాగుతారు అన్నవి వీటిలో ముఖ్యం. విరాళాల రూపంలో, స్వచ్ఛంద బోధన రూపంలో వచ్చే సాయానికి కేంద్రం 2021లో ప్రారంభించిన విద్యాంజలి పోర్టల్ ఉన్నది. యాజమాన్య కమిటీ సమావేశపు తీర్మానాల పుస్తకంలో ఈ వివరాలు ఉండాలి.

అక్కడ దొరకనప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. 2005లో ఉమ్మడి రాష్ట్రం నిర్ణయించిన రుసుముల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై స్థాయిలో రూ.10 చెల్లించాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ ఉండదు. సమాధానానికి గడువు 30 రోజులు.