దూరపు గురి: పాతబస్తీ ప్రభువుల వేటతుపాకి

హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీ ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ (1866–1911) నివసించిన భవనము. పులివేటయం దాయన మిగుల ప్రసిద్ధుడు. ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్ దయాళ్ తీసిన పటములలో నాటి వేటవిడుదులును, కూల్చిన పులులును నేటికిని కానవచ్చుచున్నవి. కాని వేటకు ముందు తుపాకి గురిని సరిచూచు శ్రమ పటమున కెక్కునది కాదు. వేటధర్మమున కదియే మూలమని మనవి చేయుచున్నాను.

ఆ కాలమున పెద్ద మృగములకు 'ఎక్స్‌ప్రెస్' అను జంటగొట్టముల తుపాకులు వాడుకలో నుండెను. గొట్టపు కొనను చిన్న ముల్లును, వెనుక గాడిగల రేకును ఉండును. నిలిచియుండు రేకు సాధారణముగా 100 గజములకును, మడతరేకులు 200, 300 గజములకును ఏర్పరుపబడెడివి. ఇట్లేల యనగా, గొట్టము వీడిన గుండు తత్‌క్షణమే నేలవైపు దిగనారంభించును. గాలి దాని వేగమును హరించును. కావున దూరము రెండింతలైనచో పతనము నాలుగింతలకు మించును. దానికి తగినట్లు వెనుక రేకు నెత్తవలెను.

ముల్లునకును రేకునకును నడుమ 20 అంగుళములున్నచో, రేకును అంగుళములో ఇరువదవవంతు ఎత్తినంతనే 200 గజములయొద్ద తాకుడు 18 అంగుళములు పైకి జరుగును. కనుక తుపాకిని మెత్తని ఆధారముపై నుంచి, ఒకే రకపు తూటాలతో పలుమారు కాల్చి, తాకిన చోట్ల నడిమి స్థానమును చూచి దిద్దవలెను. ఒక్క దెబ్బను నమ్మి దిద్దరాదు. తూటా మారినచో పరీక్ష మరల చేయవలెను. 19వ శతాబ్ది చివర నల్లమందునకు బదులు కార్డైటు వచ్చి గుండు వేగము హెచ్చినప్పుడు పాత గురిగుర్తులు చెల్లకపోయెను.

ఇందేమరుపాటునకు మూల్యము చెల్లించువాడు ఎవడు? మంచెపై నున్న ప్రభువు కాడు. గాయపడిన పులి పొదలో దాగును. తప్పెటలు మ్రోగించుచు మృగమును తోలు గ్రామీణుడు కాలినడకను దాని కెదురుపడును. మృగమునకును దీర్ఘయాతన కలుగును. కావున సరిచూడని దూరమునకు కాల్చకుండుటయే వేటగాని మొదటి నియమము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో పులివేట నేరమైనది, అది మేలే. పాతబస్తీలోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలయందు ప్రాచీనాయుధములను దర్శించు మన యువకులు వాని నగిషీలను మెచ్చుకొనుటతో తృప్తిపడక, ఆ గురి తప్పినప్పుడు పొదలలో నడచిన పేరులేని గ్రామీణులనుగూడ స్మరింతురుగాక.