తెలుగులో బైబిల్ అనువాదం: స్వస్థలాల నుంచి అందిన పోషణ, సాగిన పని

బైబిల్‌ను ఒక భాషలోకి తేవడం ఏళ్ల పని. తెలుగు విషయంలో అది తరాల పని అయింది. అంతకాలం అనువాదకుడికి జీతం, పండితుడికి వేతనం, కాగితానికీ అచ్చుకూ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఐరోపా, అమెరికాల నుంచి వచ్చిన మిషనరీలకు ఈ భారాన్ని ఎక్కువగా వాళ్ల స్వదేశంలోని సంఘాలు మోశాయి. స్వదేశానికి తిరిగివెళ్లి అక్కడి నుంచే పని సాగించాలని చూసినవాళ్లూ ఉన్నారు. దాదాపు మూడు వందల ఏళ్ల ఈ చరిత్రను వరుసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. డబ్బు ఎంత దూరం నుంచైనా రావచ్చు. అనువాదం మాత్రం ఆ భాష మాట్లాడే మనుషుల మధ్యనే నిలబడుతుంది, వాళ్లు బాధ్యత తీసుకున్నప్పుడే కొనసాగుతుంది.

తొలి ప్రయత్నం: మద్రాసు నుంచి హాలే వరకు

తెలుగులో తొలి బైబిల్ అనువాదం జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్‌ది. 1719లో తరంగంబాడి చేరిన ఆయన, అక్కడి తొలి మిషనరీ జీగెన్‌బాల్గ్ మరణంతో ఆగిపోయిన తమిళ పాత నిబంధన అనువాదాన్ని పూర్తిచేశాడు. 1726లో మద్రాసుకు మారి, అక్కడి తెలుగువారి కోసం బైబిల్ అనువాదం చేపట్టి, 1730ల తొలినాళ్లకు ముగించాడు. ఆయనను పోషించింది డెన్మార్క్ రాజు ఆదరణలోని మిషన్, జర్మనీలోని హాలే నగరపు భక్తుల చందాలు, 1728 నుంచి లండన్‌లోని క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘం. ఇలా మూడు దేశాల సాయం ఒక్క మనిషి పనికి అందింది. 1743లో భారతదేశం విడిచివెళ్లిన షుల్జ్ హాలేలో ఊరకే కూర్చోలేదు. తెలుగు అచ్చు అక్షరాలు పోయించి, 1746 నుంచి ప్రశ్నోత్తరినీ భక్తి గ్రంథాలనూ ముద్రింపజేశాడు. తెలుగు అచ్చు చరిత్రలో అవి తొలి పుస్తకాల్లో చేరాయి. ఆయన పూర్తి బైబిల్ మాత్రం రాతప్రతిగానే మిగిలిపోయింది. హాలేలో ముద్రణాలయం ఉంది, ధర్మదాతలు ఉన్నారు, అనువాదకుడే స్వయంగా ఉన్నాడు. వాక్యం చదివి ‘ఇది మా మాటలా లేదు’ అని చెప్పగల తెలుగు మనిషి మాత్రం పక్కన లేడు. ‘మాకు ఈ పుస్తకం కావాలి’ అని అడిగే తెలుగు సంఘమూ ఆ ఊళ్లో లేదు. అచ్చు ఆగడానికి ఖర్చు కూడా ఒక కారణం కావచ్చు; కానీ అడిగేవాళ్లున్న పుస్తకానికి దాతలు దొరకడం తేలికని తర్వాతి చరిత్ర చెబుతుంది.

విశాఖపట్నం: మనుషులు పోయినా నిలిచిన పని

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. ఇద్దరూ అయిదేళ్లకు మించి బతకకపోయినా వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు వాళ్లతో పోలేదు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయర్ ఆ అనువాదంలో డెస్ గ్రాంజెస్‌తో కలిసి పనిచేశాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరామ్‌పూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన పూర్తిచేయగా అది 1818లో మద్రాసులో వెలువడింది. అదే పట్టణంలో సుమారు అయిదు దశాబ్దాలు గడిపిన జాన్ హే, సహచరుడు వార్డ్‌లాతో కలిసి తెలుగు బైబిల్‌ను దిద్ది తీర్చాడు. 1850ల్లో పూర్తి బైబిల్ పాఠకుల చేతికి వచ్చింది. షుల్జ్ పనికీ దీనికీ తేడా ఎక్కడుంది? విదేశీ డబ్బు రెండుచోట్లా ఉంది. విశాఖలో మాత్రం అనువాదం ఒక మనిషి సామానుతో పాటు ఓడెక్కి వెళ్లిపోలేదు. పండితుల దగ్గర, ప్రతుల్లో, మిషన్ కేంద్రంలో అది ఉండిపోయింది. అందుకే తర్వాత వచ్చినవాడు మళ్లీ మొదటి అక్షరం నుంచి రాయవలసిన అవసరం రాలేదు.

చందాలు ఎలా వచ్చాయి

1804లో లండన్‌లో ఏర్పడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఈ పోషణకు వ్యవస్థ తెచ్చింది. పెద్ద దాతల మీదే ఆధారపడకుండా ఊరూరా ఉపసంఘాలు పెట్టి, కూలీల నుంచి కూడా వారానికో పెన్నీ చొప్పున చందా పోగుచేసింది. 1820లో మద్రాసులో దాని శాఖ ఏర్పడింది. శ్రీరామ్‌పూర్‌లో బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ బృందం మరో దారి పట్టింది. పాఠశాల, ముద్రణాలయం, ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ జీతం అన్నీ ఒకే నిధిలో పడేవి. అందులోంచే అనువాదాలు సాగేవి. అయినా 1812 మార్చిలో ముద్రణాలయం అగ్నికి ఆహుతైనప్పుడు కాగితమూ అక్షరాలూ పోయాయి. ఆ నష్టాన్ని పూడ్చింది ఇంగ్లండ్, స్కాట్లండ్ సంఘాలు పంపిన విరాళాలే. స్వయంపోషణ ఎంత గట్టిదైనా ఆపదలో దూరపు బంధువు అవసరమేనని ఈ సంఘటన రుజువుచేసింది.

మార్కాపురం, కంభం వైపు

మార్కాపురం, కంభం ప్రాంతంలో ఈ చరిత్ర అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌తో ముడిపడి ఉంది. నెల్లూరులో పనిచేసిన లైమన్ జ్యూయెట్ తెలుగు బైబిల్ సవరణలో పాలుపంచుకున్నాడు. 1866లో ఒంగోలులో స్థిరపడిన అదే మిషన్ మిషనరీ జాన్ క్లౌ, 1872లో అమెరికా వెళ్లి రామపట్నం వేదాంత పాఠశాల కోసం నిధులు కూడగట్టాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు చదువు అందని మాదిగలు. శతాబ్దం ముగిసేలోగా కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. అచ్చయిన బైబిల్ ఈ పల్లెలకు చేరాలంటే దాన్ని చదివి వినిపించే మనిషి కావాలి. కాబట్టి అమెరికా సంఘాలు బడికీ, వేదాంత పాఠశాలకూ, పల్లె బోధకుడికీ ఇచ్చిన డబ్బును కూడా అనువాదపు ఖర్చులోనే లెక్కగట్టాలి. నల్లమల అంచున, మార్కాపురం దారి శ్రీశైలం దారిని కలిసే పెద్దదోర్నాల చుట్టూ ఈ మాట ఇప్పటికీ వర్తిస్తుంది. అక్కడి చెంచులు తమదైన యాసలో తెలుగే మాట్లాడతారు; చదివి వినిపించేవాళ్లు లేని గూడెంలో ఏ పుస్తకమైనా మూసి ఉన్నట్టే.

ఆక్షేపణలు

డబ్బు పంపినవాడే మాటను కూడా శాసిస్తాడన్నది మొదటి ఆక్షేపణ. దీనికి సాక్ష్యం ఉంది. బాప్తిస్మానికి వాడే పదం విషయంలో తగాదా వచ్చి, 1830ల్లో బైబిల్ సొసైటీ బెంగాలీ బాప్టిస్టు అనువాదానికి సాయం నిరాకరించింది. 1840లో బాప్టిస్టులు వేరే అనువాద సంఘం పెట్టుకున్నారు. ఆ భయం నిజమైనదే. దానికి మందు పోషణ మానుకోవడంలో లేదు, తీర్పు చెప్పే హక్కు పాఠకుల సంఘానికి అప్పగించడంలో ఉంది. వేర్వేరు మిషన్ల వాళ్లు కూర్చున్న తెలుగు సవరణ సంఘాలు ఆ దిశగా కొంత నడిచాయి. 1944లో భారత బైబిల్ సొసైటీ రూపుదిద్దుకోవడంతో నిర్ణయం దేశంలోకే వచ్చింది.

ఇప్పుడు దూరం లెక్కలోది కాదన్నది రెండో ఆక్షేపణ. పారాటెక్స్ట్ వంటి బైబిల్ అనువాద సాఫ్ట్‌వేర్‌లో ఒక అధ్యాయాన్ని పలు దేశాల వాళ్లు ఒకేసారి దిద్దవచ్చు. వైక్లిఫ్ వంటి బైబిల్ అనువాద సంస్థల అనువాదకులు సొంతంగా నెలవారీ దాతలను కూడగట్టుకుంటారు. జబ్బుచేసినా వీసా అందకపోయినా ఇంటి నుంచే పని సాగించగలుగుతారు. షుల్జ్‌కు లేని సౌకర్యం ఇది, గొప్ప మేలు కూడా. అయితే ఈ సాధనం పనికొచ్చేది అవతలి కొసన భాష మాట్లాడే బృందం ఉన్నప్పుడే. వాక్యాన్ని ఊళ్లో చదివి, విన్నవాళ్లకు ఏం అర్థమైందో అడిగి తెలుసుకునే పరీక్షను తెర మీద పూర్తిచేయలేరు. సాంకేతికత ఉత్తరాల ఆలస్యాన్ని తీర్చింది. పొరుగువాడి చెవికి బదులు కాలేదు.

పేద సంఘాలు ఇంత ఖర్చు మోయలేవన్నది మూడోది. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ హోమ్ మిషన్ సంఘం ద్వారా నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్ తెలుగు కూలీల దగ్గరికి పంపారు. అదే ఏడు తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత మిషనరీ సంఘం స్థాపించారు. ఆ సంఘం తరఫునే 1909లో వి.ఎస్. అజరయ్య తెలుగు నేల మీద దోర్నకల్‌కు వచ్చాడు. వంటకు కొలిచేటప్పుడు పిడికెడు బియ్యం పక్కకు తీసే ఇళ్ల నుంచీ ఇలాంటి పని నడిచింది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించాక విదేశీ సాయం ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో జమకావాలి, దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కాబట్టి దేశంలోని కానుకల మీద ఆధారపడటం నేడు ఆదర్శంతో పాటు అవసరం కూడా అయింది.

హాలే, లండన్, అమెరికా సంఘాల ఇళ్ల నుంచి వచ్చిన కానుకలతో తెలుగువాళ్లకు బైబిల్ తమ భాషలో దక్కింది. ఆ రుణం తీర్చే మార్గం కళ్లముందే ఉంది. కోయ, కువి, సవర, గదబ వంటి భాషలు తెలుగుకు పొరుగునే ఉన్నాయి. ఆ భాషల వాళ్లు తమ అనువాదాన్ని తామే నడుపుకోవడానికి మార్కాపురం, గిద్దలూరు, పెద్దదోర్నాల సంఘాలు ఖర్చులో వంతు తీసుకోవాలి. నిర్ణయాన్ని మాత్రం ఆ భాషల వాళ్లకే వదిలిపెట్టాలి.