కలం కావాలి, ముఖం వద్దు: రిచర్డ్ ప్రయర్ నవ్వు

నవ్వుకి కులం లేదంటారు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారని అడగనంత కాలమే ఆ మాట చెల్లుతుంది. మన సినిమాల్లో పాలేరు నవ్వులపాలవుతూనే ఉన్నాడు, ఆ నవ్వుని రాసే కలం మాత్రం పాలేరు చేతిలో లేదు. అమెరికాలోనూ ఇదే తంతు. 1928 నుంచి ఇద్దరు తెల్లవాళ్ళు నల్లవాళ్ళ గొంతులు పెట్టి రేడియోలో ‘ఏమోస్ అండ్ ఆండీ’ నడిపారు. దేశం పడిపడి నవ్వింది.

ఆ నవ్వుని తిరగేసినవాడు రిచర్డ్ ప్రయర్. 1940లో ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలో పుట్టాడు. నాయనమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగాడు. పద్నాలుగేళ్ళకే బడి నుంచి వెళ్ళగొట్టారు. 1963లో న్యూయార్క్ చేరి, తెల్లవాళ్ళు మెచ్చిన బిల్ కాస్బీ బాణీలో, ఎవర్నీ నొప్పించని జోకులు చెప్పి టెలివిజన్‌కెక్కాడు. 1967లో లాస్ వేగాస్‌లో నిండు సభ ముందు, తనిక్కడ ఏం చేస్తున్నట్టని తన్ను తానే అడుక్కుని వేదిక దిగిపోయాడు. తర్వాత కొంతకాలం బర్క్‌లీలో నల్ల రచయితల మధ్య, బ్లాక్ పాంథర్ల గాలి పీల్చుకుంటూ గడిపాడు. (ఆ గాలే 1972లో బొంబాయికొచ్చి దళిత పాంథర్ అయింది గదా.) తిరిగొచ్చాక అతని నోట పియోరియా వీధి పలికింది. తాగుబోతులు, పాస్టర్లు, వేశ్యలు, మడ్‌బోన్ అనే మిసిసిపీ ముసలాయన. వాళ్ళ కళ్ళతో తెల్ల లోకాన్ని చూపించి నవ్వించాడు.

టెలివిజన్ నైజం బయటపడేది ఇక్కడే. దానికి అతని కలం కావాలి, ముఖం వద్దు. ‘శాన్‌ఫర్డ్ అండ్ సన్’కి రాశాడు. లిలీ టామ్లిన్ కార్యక్రమానికి తోటి రచయితలతో కలిసి రాసినందుకు 1974లో ఎమీ బహుమతి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ‘బ్లేజింగ్ శాడిల్స్’ సినిమా రాసిన అయిదుగురిలో ఒకడు. నల్ల షెరీఫ్ పాత్ర అతనే వేయాలని దర్శకుడు మెల్ బ్రూక్స్ పట్టుబట్టినా స్టూడియో ఒప్పుకోలేదు.

1975 డిసెంబరులో ‘శాటర్‌డే నైట్ లైవ్’కి వచ్చినప్పుడు తన రచయిత పాల్ మూనీని వెంట తెచ్చుకున్నాడు. అందులో ఒక నాటిక మనవాళ్ళంతా చూడాల్సింది. ఉద్యోగానికొచ్చిన నల్లవాడికి తెల్ల అధికారి పరీక్ష పెడతాడు. తనొక మాటంటే అతను తట్టిన మాట చెప్పాలి. మాటలు మెల్లగా తిట్లవుతాయి. ప్రయర్ తిట్టుకి తిట్టు అప్పజెప్తాడు. ఆఖరికి అధికారే వణికిపోయి జీతం మూడింతలు చేసి ఉద్యోగమిస్తాడు. ఏం ఉద్యోగం? ఊడ్చేది! రిజర్వేషన్ ఇంటర్వ్యూ గదుల్లో కూర్చుని వచ్చిన మాకు ఇది పరాయి కథ అనిపించలేదు.

1977లో ఎన్‌బీసీ అతనికి సొంత కార్యక్రమం ఇచ్చింది. ఒబామా గెలవడానికి 31 ఏళ్ళ ముందే అందులో నల్ల అధ్యక్షుడై విలేకరులకి జవాబులు చెప్పాడు. మొదటి భాగంలోని మొదటి దృశ్యాన్నే చానెల్ కోసేసింది. నాలుగు భాగాలతో సరి. పోటీగా ‘హ్యాపీ డేస్’ ఉంది, జనం అటే చూశారు, నిజమే. మరి అలాంటివాణ్ణి ఇంటిల్లిపాదీ చూసే ఎనిమిది గంటల వేళకి కట్టేసింది ఎవరు?

ఇతన్ని పటం కట్టి పూజించాలని మేం అనడం లేదు. ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకున్న మనిషి. 1978 కొత్త సంవత్సరం నాడు భార్య కారుని తుపాకీతో కాల్చి, దాన్ని మరుసటేడు సినిమాగా వచ్చిన ప్రదర్శనలో నవ్వులాటగా చెప్పాడు. కింది నుంచొచ్చిన నవ్వు కూడా ఇంకా కిందున్న ఆడమనిషి మీద పడుతుంది. ఇది మన సాహిత్యానికీ తగిలే మాటే.

బానిసత్వం నాటి తిట్టుమాటని అతను ఆల్బం పేరుకే ఎక్కించి 1975లో గ్రామీ గెలిచాడు. 1979లో కెన్యా వెళ్ళొచ్చాక దాన్ని వదిలేశాడు. 1982 నాటి సినిమాలో ఆ సంగతి చెప్పాడు కూడా. మన దగ్గర 1994లో ఈదుమూడిలో లేచిన దండోరా దీనికి ఎదురుగా నడిచి, మాదిగ అన్న మాటని పేరు చివర తగిలించింది. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. ప్రయర్ వదిలింది యజమాని పెట్టిన పేరు. దండోరా ఎత్తుకున్నది డప్పుతో, తోలుతో బతికిన మనుషుల పేరు. దాన్ని తిట్టు చేసింది ఊరు.

1998లో కెనెడీ సెంటర్ మార్క్ ట్వేన్ పేరిట పెట్టిన హాస్య బహుమతి మొట్టమొదట అతనికే ఇచ్చింది. అప్పటికే మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల నడక పోయింది, మాట కూడదీసుకోవాల్సి వచ్చేది. 2005 డిసెంబరులో చనిపోయాడు.