ఎండ్రకాయ (పొలం పీత)

మదనపల్లె దగ్గరి వాల్మీకిపురం (వాయల్పాడు) ప్రాంతం సముద్రానికి దూరం. సాగర తీరపు ముళ్ల లాబ్‌స్టర్‌కు ఇక్కడ దగ్గరి బంధువు ఎండ్రకాయే. రెండూ పదికాళ్ల జీవుల వర్గానికి చెందినవే. ఎండ్రకాయ శాస్త్రీయ నామం ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్. ఈ జాతిని 1798లో ఫాబ్రిసియస్ వర్ణించాడు. చెరువు కట్టలు, కాలువ గట్లు, వరిమడి గెనాలు దీని నివాసం. ఎండాకాలంలో చెమ్మ తగిలేదాకా బొరియ తవ్వుకొని దాక్కుంటుంది.

లాబ్‌స్టర్ పిల్ల పారదర్శకమైన ఆకులాంటి డింభకంగా నెలల తరబడి సముద్రంలో కొట్టుకుపోతుంది. ఎండ్రకాయకు ఆ దశే లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి ఎండ్రకాయే బయటికొస్తుంది. తల్లి తన వెడల్పాటి పొట్టమడత కింద ముందు గుడ్లను, తర్వాత పిల్లలను మోస్తుంది. సముద్రంతో సంబంధం తెంచుకొని మెట్టసీమ చెరువుల్లో బతకగలగడానికి ఇదే ముఖ్య కారణం.

పెంకు పెరగదు కనుక ఎదగాలంటే కుబుసం విడవాలి. దాన్నీ, అండాశయ పక్వతనూ అణిచి ఉంచే హార్మోన్లు కంటికాడల్లో ఉంటాయి. కాడలు తొలగిస్తే కుబుసం త్వరగా ఊడుతుంది, అండాశయం త్వరగా పక్వమవుతుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ జీవిపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. సుమిథియాన్ వంటి పురుగుమందుల దుష్ప్రభావాన్నీ దీనిపైనే పరీక్షించారు.

లేత నారు కొరికి, గెనాలకు బొక్కలు పెట్టి రైతును విసిగించే మాట నిజమే. అయినా కుళ్లిన ఆకూ అలమూ తిని నీటిని శుభ్రపరిచేదీ, కొంగలకూ పల్లె వంటకూ అక్కరకొచ్చేదీ ఇదే. అందుకే పురుగుమందు డబ్బాలను కాలువలో కడగకండి.