పండుగపూట పసిపిల్లల చదువు

పల్లెలో పండుగ వచ్చినదనగా బడికి సెలవు వచ్చినదని నేటి పిల్లలును పెద్దలును తలంతురు. పండుగ వేఱు, చదువు వేఱు అను ఈ భావము అనాదిగా నున్నట్లు తోచును. కాని నూఱేండ్ల క్రిందటి తెలుగు వీధిబడిలో ఇట్టి భేదము లేదు. పిల్లవాడు తొలి యక్షరము దిద్దినది పండుగనాడు. నేర్చిన పద్యమును ఊరివారికి వినిపించినది పండుగనాడు. నెలలు, తిథులు, ఋతువులు లెక్కించి అంకెలకు అలవాటుపడినది పండుగల పట్టికను బట్టి. ఆనాడు పండుగ బడిని మూయలేదు. బడిని వీధిలోనికి తెచ్చెను. ఆ పద్ధతి యెట్టిది, దాని గుణదోషము లెవ్వి, నేటి ఒకటవ తరగతి పిల్లలకు దానిలో పనికివచ్చున దేమి అను విషయములు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలవారు విశేషముగా విచారింపదగియున్నవి.

ఈ మూడును నేడు మూడు జిల్లాలు. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము ఇవి మహబూబ్‌నగరు జిల్లాలోని భాగములు. హైదరాబాదు రాజ్యకాలమున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు ఈ సీమలోనే వెలసియుండెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల ప్రభువులు కవిపండితులను సత్కరించుటచేత ఆ యూరికి ‘విద్వద్గద్వాల’ యను ప్రసిద్ధి కలిగెను. పండితులకు దర్బారు కలదు. పసివానికి ఓనమాలు నేర్పు వీధిబడి పంతులకు మాత్రము ఊరే దర్బారు. పిల్లల తల్లిదండ్రులిచ్చు గింజలును, దసరానాటి కాసులును సాధారణముగా ఆతని జీవనాధారము.

వీధిబడి స్వరూపమును తెలిసికొనుటకు మంచి యాధారమొకటి నడిగడ్డకు పొరుగుననే లభించుచున్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తమ జిల్లాలలోని బడుల వివరములు పంపవలసినదని కలెక్టర్లను కోరెను. తుంగభద్రకు దక్షిణమున నున్న బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను సమర్పించెను. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు కలవు; వానిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. పిల్లవానికి అయిదవయేట చదువు మొదలు. ఆనాడు పంతులును బడిపిల్లలును ఆ పిల్లవాని యింటికి వచ్చి, విఘ్నేశ్వరుని ముందు కూర్చుండి, వానిచేత ప్రార్థన చెప్పించి, వ్రేలు పట్టి దేవుని నామమును బియ్యములో వ్రాయింతురు. పిమ్మట బడిలో ఇసుకపై వ్రాత సాగును. ఉదయము అందఱికంటె ముందు వచ్చినవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు; రెండవవానికి సున్న చుట్టుదురు; మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ వెనుక వచ్చిన కొలది ఒక్కొక్కటి హెచ్చు. ఒకటి, రెండు, మూడు అను వరుససంఖ్యలు ఆ కాలపు పిల్లలకు అరచేతికే తెలిసియుండెను!

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు పద్ధతియు, ఇసుకలో వ్రాయించు పొదుపును ఇంగ్లండు అనుకరించినదనియు, ఆ యనుకరణము తగియున్నదనియు కాంబెల్ ప్రశంసించెను. నిజమే; మద్రాసు ఎగ్మూరులోని బాలుర శరణాలయములో ఈ పద్ధతిని అమలుపఱచిన ఆండ్రూ బెల్ 1797లో దానిని గుఱించి లండనులో పుస్తకము ప్రకటించెను. తెలుగు, తమిళ పల్లెల ఇసుకబడి ఆ విధముగా సముద్రములు దాటెను.

అయితే కాంబెల్ దోషములను దాచలేదు. పిల్లలు పద్యములను అప్పగింతురే గాని వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికి తెలియునని ఆతడు వ్రాసెను. 533 బడులలో ఒక్కదానికిని ప్రభుత్వ సహాయము లేదని సిగ్గుపడుచు తెలిపెను. ఆఱువేలకు పైబడిన విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. అర్థము లేని చదువు, ఆధారము లేని పంతులు, ఆడపిల్ల లేని బడి అను ఈ మూడు లోపములను మనసున నుంచుకొని పండుగల చదువును పరిశీలింపవలయును.

అక్షరాభ్యాసమునకు విజయదశమియు, మాఘశుద్ధ పంచమియైన శ్రీపంచమియు ప్రశస్తదినములుగా నెంచబడినవి. ఈ సీమలో శ్రీపంచమికి మఱియొక విశేషము కలదు. అలంపురమునందలి జోగులాంబా దేవికి వార్షికోత్సవములు ఆ పంచమితో ముగియును. ఊరంతయు ఉత్సవములో నున్న వేళ పిల్లవాని చేత పలక పెట్టుటవలన చదువు శిక్షయను భయము వానికి కలుగదు. అదియు వేడుకలలో నొకటిగా తోచును.

అక్షరముల వెనుక లెక్కలు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష వెలువడిన పిదప ఆ వరుసలోని పుస్తకములు తెలుగు పిల్లల తొలి గ్రంథములాయెను. వారములు 7, పక్షమునకు తిథులు 15, నక్షత్రములు 27, నెలలు 12, ఋతువులు 6, సంవత్సరములు 60. ఇవి కంఠస్థమైన పిల్లవానికి ఏ నెలలో ఏ తిథికి ఏ పండుగయో చెప్పగల శక్తి కలుగును. పండ్రెండు నెలలను ఆఱు ఋతువులకు పంచిన ఋతువునకు రెండేసి నెలలు. ఇది భాగహారమని వానికెవ్వరును చెప్పలేదు. ఐనను వాడు భాగించెను.

సంవత్సరమునకెల్ల గొప్ప దినము దసరా. పిల్లలు కొత్తబట్టలు కట్టి, వెదురు విల్లంబులు పట్టి, పంతులవెంట బారులు తీరి యింటింటికి పోయి నేర్చిన పద్యములను, పాటలను పాడుదురు. విల్లంబునుండి పూలరేకులు గృహస్థులపై చిమ్ముదురు. గృహస్థు పంతులకు కాసులును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చును. ఈ యాచారమును యాచనగా నెంచినవారు కలరు. కాని దానిలో నున్న పరీక్షను గుర్తింపవలయును. ఎవరి బిడ్డ ఎంత స్పష్టముగా పలుకుచున్నాడో వాకిట నిలిచిన అవ్వకును, అరుగుపై కూర్చున్న తాతకును తెలిసిపోవును. పంతులు పనితనము ఊరి వాకిళ్లయందే తూచబడును. ఇక ఆ కాసులను లెక్కించుటయు ఒక పాఠమే. హైదరాబాదు రాజ్యమున రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. నది దాటి కర్నూలునకు పోయినచో నాణెమే వేఱు. ఏడు హాలీ రూపాయలు ఆఱు కల్దారు రూపాయలకు సమానము. సంతకు పోవు నడిగడ్డ పిల్లవానికి ఈ మార్పిడి తప్పని గణితము.

కాని దసరా బారు ఏ యిండ్లకు పోయెను? చదువుకొను కులముల వాడలనే అది యెక్కువగా చుట్టెను. మాలమాదిగల పిల్లలకు వీధిబడి యరుగు సాధారణముగా అందలేదు. ఆ యన్యాయమును ఎదిరించి భాగ్యరెడ్డివర్మ 1910 నుండి హైదరాబాదు నగరమున వారికై పాఠశాలలు స్థాపించుచు వచ్చెను. ఆడపిల్లల సంగతియు అంతే. వారికి బడి లేదు. ఐనను లెక్కయు పాటయు కలవు. బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు మట్టితో అంతస్తులుగా బొడ్డెమ్మను తీర్చి ఆడుదురు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమినాడు సద్దులతో ముగియు బతుకమ్మ తొమ్మిది దినముల పండుగ. తాంబాళములో తంగేడు, గునుగు, బంతి పూలను వలయములుగా పేర్చుచు, పై వలయము క్రింది వలయముకంటె చిన్నదగునట్లు పూలు తగ్గించుకొనుచు పోవలయును. లెక్క తప్పిన బతుకమ్మ ఒరగును. ఒకరు పాడగా తక్కినవారు అందుకొను రీతి, వీధిబడిలో ఒకడు ఎక్కము చెప్పగా తక్కినవారు పలుకు రీతికి తోబుట్టువు. పలక చేతికి రాని బాలికకు బతుకమ్మయే పలక.

ఈ బడులు క్రమముగా అంతరించుటకు కారణములు పెక్కులు. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. ఖాన్గీ బడులు, అనగా ప్రైవేటు బడులు, తెరచుటకు సర్కారు అనుమతి కావలయునను నిబంధన 1920ల దశకమున బిగిసెను. దానిని తొలగింపుడని ఆంధ్రోద్యమము ఎలుగెత్తెను. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఈ సీమవాడే యైన సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల సంస్థానములోని బోరవెల్లిలో 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ఆ మహాశయుడు ‘హిందువుల పండుగలు’ అను గ్రంథమును గూడ రచించెను. ప్రజల ఆచారములు చరిత్రకు ఆధారములని నమ్మినవాడు గనుకనే పండుగను ఆతడు పరిశోధనకు అర్హమైన విషయముగా గ్రహించెను.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత తెలుగు బడులు పల్లెపల్లెకు వ్యాపించెను. పంతులకు జీతము కలిగెను. ఆడపిల్లకు ప్రవేశము కలిగెను. అన్ని వాడల పిల్లలకును హక్కు కలిగెను. 1957లో దశాంశ నాణెములు వచ్చి పదునాఱణాల లెక్క పోయెను. ఇవి గొప్ప లాభములు. వీనిని తక్కువ చేసి పాత వీధిబడికై కన్నీరు కార్చుట న్యాయము కాదు. కాని ఒక్క నష్టము జరిగెను. బడిలో పిల్లవాడేమి నేర్చుచున్నాడో ఊరు చూచు అవకాశము పోయెను. దసరా వచ్చుసరికి బడికి తాళము పడెను.

ఈ నష్టము చిన్నది కాదు. 2011 జనగణనమును నేటి జిల్లాల మేరకు లెక్కించినచో గద్వాల జిల్లాలో అక్షరాస్యులు సగమునకు స్వల్పముగా తక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో సగమునకు కొంచెము మాత్రమే యెక్కువ. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు చదువను, లెక్కింపను నేర్వవలయునని 2021లో కేంద్రప్రభుత్వము ‘నిపుణ్ భారత్’ను, 2022లో తెలంగాణ ప్రభుత్వము ‘తొలిమెట్టు’ను ఆరంభించెను. తొలిమెట్టు గట్టిపడవలెనన్న పిల్లవానికి ముందే తెలిసిన మాటతో చదువు, ముందే తెలిసిన వస్తువుతో లెక్క మొదలుకావలయును. అట్టి మాటలును వస్తువులును పండుగలలో పుష్కలముగా కలవు.

బడి తెఱచిన కొలది దినములకే జ్యేష్ఠ మాసాంతమున నడిగడ్డలో మట్టియెద్దుల అమావాస్య వచ్చును. పిల్లలు చేసిన ఎద్దులను జతలుగా నిలిపిన రెండవ ఎక్కము, కాళ్లు లెక్కించిన నాలుగవ ఎక్కము కన్నులయెదుట నిలుచును. వినాయకచవితికి పత్రి 21 విధములు; అనగా రెండు పదులు, ఒక ఒకటి. గరిక, తులసి, మారేడు అను పేర్లలో ఒత్తులు లేవు. అవి ముందు చదువవచ్చును. జిల్లేడు, ఉమ్మెత్త, జమ్మి ఒత్తులు నేర్చిన పిదప. బతుకమ్మ దినముల పేర్లలోను ఇదే మెట్ల వరుస: అటుకులు, వేపకాయలు ముందు, ముద్దపప్పు, వెన్నముద్దలు వెనుక. బతుకమ్మ దినములు తొమ్మిది. ఆఱవనాడు అలిగిన బతుకమ్మయని పూలు పేర్చరు. ఐనచో పేర్చిన బతుకమ్మ లెన్ని? ఆఱేండ్ల బాలిక వ్రేళ్లు మడచి ఎనిమిదని చెప్పును. దానిని పలకపై 9 - 1 = 8 అని వ్రాయుట ఇక నొక్క యడుగే. ఉగాదికి ఆఱు రుచులు. చైత్రపౌర్ణమికి నల్లమలలో సలేశ్వరము జాతరకు పోయివచ్చిన చెంచుబిడ్డ చెప్పు కథ ఆ తరగతికంతకును వాచకమగును.

ఇందు రెండు జాగరూకతలు ఆవశ్యకములు. మొదటిది, తరగతిలోని ప్రతి బిడ్డ యింటి పండుగకును చోటుండవలయును. పల్లెలలో పీర్ల పండుగను హిందువులును ముసల్మానులును కలిసి జరుపుకొనుట అందఱెఱిగినదే. క్రిస్మసు నక్షత్రమునకు అయిదు కొనలు లెక్కించుటయు గణితమే. ఒక వాడను విడిచిన దసరా బారు తప్పు మరల జరుగరాదు. రెండవది, పండుగ అలంకారముగా మిగిలిపోరాదు. తోరణములు కట్టి, రంగుకాగితములు అతికించి, పిల్లవాడు ఒక్క మాటయైనను చదువకుండ ఇంటికి పోయినచో కాంబెల్ చెప్పిన చిలుకపలుకుకంటె అది మేలు కాదు.

బడికి తాళము పడిన దినములలో తెఱచియుండదగినది గ్రంథాలయము. బతుకమ్మ తొమ్మిది దినములును సాయంకాలము ఒక గడియ పిల్లలను చేరదీసి, పూల పేర్లను వ్రాయించి, చదివించి, ఎంచించుటకు పెద్ద వ్యయము లేదు. కొన్ని పలకలు, కొన్ని చింతగింజలు, ఓపికగల చందాదారుడొక్కడు చాలును. సద్దులనాడు ప్రతి వాడ బిడ్డయు ఊరివారి యెదుట నిలిచి నాలుగు వాక్యములు అర్థమెఱిగి చదివినచో, పాత దసరా బారులోని మేలంతయు దాని కీడు లేకుండ తిరిగి వచ్చును. ఆ చదువును విని సంతసించు అవ్వకు అక్షరములు రాకపోవచ్చును. కాని మనుమరాలు తడబడినదో లేదో ఆమె చెవికి తెలియును. ఊరు చెవియొగ్గి విన్ననాడు బిడ్డ బాగుగా చదువును. రజతోత్సవ మాచరించుకొను గ్రంథాలయమునకు రాబోవు పాతికేండ్ల పాఠకులు నేటి ఒకటవ తరగతి పిల్లలే గదా!